ఎనిమిది పేజీల్లో పచ్చి మనసు: తత్సుమి బొమ్మల కథలకు ఒక వ్యాఖ్యానం

మూలవాక్యం: తత్సుమి తొలినాటి కురచ గెకిగాలు, మాట పెగలని మనుషుల పచ్చి మనసుకు గీసిన బొమ్మలు.

ఈ ఒక్క వాక్యాన్ని పదం పదంగా విప్పి చెప్పడమే ఈ వ్యాసం పని. యోషిహిరో తత్సుమి జపాన్ బొమ్మల కథకుడు. 1969లో ఆయన గీసిన కథల్లో పదహారింటిని కెనడాకు చెందిన డ్రాన్ అండ్ క్వార్టర్లీ ప్రచురణ సంస్థ 2005లో ‘ద పుష్ మ్యాన్ అండ్ అదర్ స్టోరీస్’ పేరుతో ఇంగ్లీషులో తెచ్చింది. అమెరికన్ బొమ్మల కథకుడు ఏడ్రియన్ టోమినే దానికి సంపాదకుడు. మరుసటి ఏడు 1970 నాటి కథలతో ‘అబాండన్ ది ఓల్డ్ ఇన్ టోక్యో’, 2008లో 1971-72 కథలతో ‘గుడ్‌బై’ వచ్చాయి. ఈ మూడు పుస్తకాలకూ బొగ్గుగనుల మణుగూరులో కూర్చుని వ్యాఖ్యానం రాయడానికి కారణం ఉంది. మూడు షిఫ్టుల ఊళ్లో పెరిగిన పాఠకుడికి ఈ కథల్లో పరాయి మనిషి ఒక్కడూ కనిపించడు.

తత్సుమి

1935 జూన్ 10న ఒసాకాలో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి పదేళ్లవాడు. బడిలో ఉండగానే పత్రికలకు బొమ్మలు పంపి బహుమతులు తెచ్చుకున్నారు, అప్పటికే పేరు మోగిపోతున్న బొమ్మల కథకుడు తెజుకా ఒసామును కలిసి మెప్పు పొందారు. 2015 మార్చి 7న టోక్యోలో కన్నుమూశారు. ఎనిమిది వందల పైచిలుకు పేజీల ఆయన ఆత్మకథ ‘ఎ డ్రిఫ్టింగ్ లైఫ్’కు 2009లో తెజుకా ఒసాము సాంస్కృతిక పురస్కారం వచ్చింది. 2011లో సింగపూర్ దర్శకుడు ఎరిక్ ఖూ ఆయన జీవితాన్నీ ఐదు కథలనూ కలిపి ‘తత్సుమి’ అనే యానిమేషన్ సినిమా తీశారు. ఆత్మకథ గొప్పదే. అయినా ఆయన్ని ఒక్క పుస్తకంతో తెలుసుకోవాలంటే 1969 నాటి చిన్న కథలే చదవమంటాను.

తొలినాటి

ఈ పదాన్ని కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. 1969 నాటికి తత్సుమికి ముప్పైనాలుగేళ్లు, గీత పట్టి పదిహేనేళ్లు దాటింది. ‘బ్లాక్ బ్లిజార్డ్’ అనే నేరకథను 1956లోనే ఇరవై రోజుల్లో గీసి ఇచ్చారు. అలాంటి పుస్తకాలు దుకాణాల్లో అమ్మకానికి కాక అద్దెకు పోయేవి. యుద్ధం తరువాతి జపాన్‌లో పుస్తకం కొనే స్తోమత లేని ఫ్యాక్టరీ కుర్రాళ్లు, దుకాణాల్లో పనిచేసే పిల్లలు సాయంత్రం పని దిగి అద్దె షాపుకు పోయి బొమ్మల పుస్తకం తెచ్చుకునేవారు. డెబ్బైల్లో, ఎనభైల్లో మన ఊళ్లలో డిటెక్టివ్ నవలలు, సీరియల్ నవలలు రోజు అద్దెకు తిరిగిన సంగతి గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అట్ట చిరిగి, మూలలు నలిగి, ఎవరి చెమటో అంటుకుని ఇంటికి వచ్చే పుస్తకాలవి.

మరి తొలినాటివి అనడం ఎందుకు? చిన్నపిల్లల కోసం అన్న ముద్ర చెరిగిపోయి, కూలీ మనిషి బతుకే విషయంగా బొమ్మల కథ తన కాళ్ల మీద నిలబడిన మొదటి రోజులు కాబట్టి. టీవీలు, వారపత్రికలు వచ్చి అద్దె షాపులను మూయించాయి. అక్కడ తయారైన గీతకారులు చెల్లాచెదురయ్యారు. ఆ దెబ్బ తిన్నాక ‘గెకిగా యంగ్’ అనే చిన్న పత్రిక ఇచ్చిన కొద్దిపాటి పేజీల్లో తత్సుమి గీసినవే ఈ కథలు.

గెకిగా

మాంగా అంటే జపాన్ బొమ్మల కథ అని ఇవాళ మన పిల్లలకు కూడా తెలుసు. తత్సుమికి ఆ మాట సరిపోలేదు. తన కథలో నవ్వు లేదు, పిల్లలు లేరు. అందుకని 1957లో తన పనికి గెకిగా అని పేరు పెట్టుకున్నారు. నాటకం ఉన్న చిత్రం అని దాని భావం. 1959లో తకావో సైతో, మసాహికో మత్సుమోతో వంటి తోటివాళ్లతో కలిసి గెకిగా కోబో అనే బృందం కట్టారు. పేరు మార్చడం కంటే పాఠకుణ్ణి మార్చుకోవడమే ఇక్కడ అసలు సంగతి. మేం గీసేది పెద్దవాళ్లకు, పిల్లల పుస్తకాల మధ్య పెట్టవద్దు అని వాళ్లు తెగేసి చెప్పారు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. తెజుకా ‘కొత్త నిధుల దీవి’ 1947లో వచ్చి జపాన్ బొమ్మల కథను మలుపు తిప్పింది. అదే సంవత్సరం జూలైలో మద్రాసులో ‘చందమామ’ మొదలైంది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలు ఏ దేశపు బొమ్మలకూ తీసిపోవు. బుజ్జాయి పంచతంత్రాన్ని బొమ్మలకెక్కించారు. బాపు గీత ఒక్కటి చాలు, తెలుగు మొహం ఎలా ఉంటుందో చెప్పడానికి. ఇంతమంది మహానుభావులుండి కూడా తెలుగులో బొమ్మల కథ పిల్లల దగ్గరా, హాస్యం దగ్గరా ఆగిపోయింది. పెద్దవాళ్ల దుఃఖాన్ని మనం వచనానికి అప్పగించేశాం. బొగ్గుబాయి మనుషుల కథలు అల్లం రాజయ్య రాశారు, బొమ్మల్లో మాత్రం వాళ్లు రాలేదు. గీసే చెయ్యి లేక ఇలా జరగలేదు. అడిగిన పత్రిక లేక జరిగింది.

కురచ

1969 కథల్లో చాలావాటికి పత్రిక ఇచ్చింది ఎనిమిది పేజీలు. కథ మొదలుపెట్టి, మనిషిని నిలబెట్టి, అతని గుండె పగిలే చోటికి తీసుకుపోయి వదిలేయాలి. తరువాతి సంవత్సరాల్లో పేజీలు పెరిగాయి, కథ విశాలమైంది. కానీ ఆ ఎనిమిది పేజీల ఇరుకులో ఉన్న ఉక్కిరిబిక్కిరి మళ్లీ అంత గట్టిగా రాలేదని నాకనిపిస్తుంది.

ఈ ఇరుకు ఏం చేసిందంటే, ముందువెనుకలు చెప్పే అవకాశమే లేకుండా చేసింది. పాత్ర ఎక్కడ పుట్టాడు, ఎందుకిలా అయ్యాడు అన్న వివరం ఉండదు. మొదటి గడిలోనే మనిషి పనిలో ఉంటాడు. యంత్రం ముందు వంగిన వీపు, లేదా రైలు ప్లాట్‌ఫాం. ‘ద పుష్ మ్యాన్’ కథలో కుర్రాడి పని, కిక్కిరిసిన టోక్యో రైళ్లలోకి జనాన్ని వెనుక నుంచి తోయడం. తలుపు మూసుకునేదాకా తోయాలి. అంత జనాన్ని ఒళ్లు తగిలేలా రోజూ తోసేవాడు, ఒక్కరితోనూ మాట కలపలేడు. ఎనిమిది పేజీల కథకు ఇంతకంటే బలమైన పునాది దొరకదు.

ఈ కథలకు సరుకు పత్రికల్లోంచే వచ్చిందని తత్సుమి స్వయంగా చెప్పారు. పోలీసు వార్తలు, మామూలు మనుషుల గురించి వచ్చే చిన్న వార్తలు ఆయనకు విత్తనాలు. మన జిల్లా పేజీల్లో రోజూ కింది మూలన నాలుగు లైన్లలో వచ్చి పోయే వార్తలు ఎన్ని లేవు? ఫలానా కాలనీలో ఒంటరిగా ఉంటున్న కార్మికుడు గదిలో మృతి. కుటుంబ కలహాలే కారణమని పోలీసులు తెలిపారు. అంతే, పేజీ తిప్పేస్తాం. కుటుంబ కలహాలు అన్న ఆ రెండు మాటల వెనుక ఏముందో చూపించడానికే తత్సుమి ఎనిమిది పేజీలు ఖర్చుపెట్టారు.

మాట పెగలని

నా దృష్టిలో మూలవాక్యం మొత్తానికి ఇదే గుండెకాయ.

తత్సుమి కథానాయకులు మాట్లాడరు. ఒక్కో కథలో భార్య మాట్లాడుతుంది, మేస్త్రీ మాట్లాడతాడు, పక్కగది మనిషి మాట్లాడతాడు, మధ్యలో ఉన్న అసలు మనిషి నోరు మాత్రం తెరుచుకోదు. మొహం కూడా దాదాపు ప్రతి కథలోనూ ఒక్కటే. గుండ్రటి, కొంచెం అమాయకమైన మొహం. పేరు మారుతుంది, ఉద్యోగం మారుతుంది, మొహం మారదు. మొదట్లో ఇది గీతకారుడి బద్ధకమేమో అనిపించవచ్చు. నాలుగైదు కథలు దాటాక తెలుస్తుంది, ఒకే మనిషి పది చోట్ల పది రకాలుగా నలిగిపోవడం మనం చూస్తున్నామని.

‘ప్రియమైన కోతి’ కథను దగ్గరగా చూద్దాం. ఫ్యాక్టరీలో పనిచేసే ఒక మనిషికి ఇంట్లో పెంపుడు కోతి తప్ప ఎవరూ లేరు. యంత్రంలో చెయ్యి పోతుంది. పని పోతుంది. కోతికి తిండి పెట్టలేక, దాని జాతితో ఉంటే సుఖపడుతుందని జంతు ప్రదర్శనశాలకు తీసుకుపోయి కోతుల మధ్య వదులుతాడు. అవి దాన్ని చీల్చి చంపేస్తాయి. అతను చూస్తూ నిలబడతాడు. తరువాత రోడ్డు దాటే చోట ఎదురుగా జనం గుంపు కదిలి వస్తుంటే, ఆ గుంపును చూసే అతని కళ్లలో భయం తప్ప వేరే వ్యాఖ్య ఉండదు. తన జాతి మధ్య తన గతి ఏమిటో అతనికి తెలిసిపోయింది. ఆ సంగతి ఏ బుడగలోనూ రాసి ఉండదు. రాసి ఉంటే కథ చచ్చిపోయేది.

మణుగూరులో ఈ మౌనం మనకు కొత్త కాదు. నైట్ షిఫ్ట్ దిగి, మొహం మీద బొగ్గు పొడి అలాగే ఉండగా టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషిని ఎట్లున్నవే అంటే, ఏముందే, నడుస్తోంది అంటాడు. అంతకు మించి చెప్పడు. ఒకప్పుడు ఇంక్లైన్లలో చీకట్లో పనిచేసినవాళ్లకు క్యాప్ ల్యాంప్ వెలుగు పడినంత మేరే లోకం. ఇప్పుడు ఇక్కడి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచి వస్తోంది. డంపర్ క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్ షిఫ్టంతా ఇంజను మోతతోనే గడుపుతాడు. చీకటి పోయి వెలుతురు వచ్చింది కానీ ఒంటరితనం పోలేదు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చే ఏర్పాటు సింగరేణి ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఇంటికి అన్నం పెట్టే ఏర్పాటు అది. అయినా తన ఒంటి జబ్బు కొడుకు జీతంగా మారిన రోజున ఆ తండ్రి మనసులో ఏముంటుంది, ఆ కొడుకు మొదటి మస్టర్ పడిన పొద్దున ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు? ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇది తత్సుమి గీయాల్సిన కథ. ఆయన లేరు కాబట్టి మనమే గీసుకోవాలి.

మనుషుల

మురుగు కాలువలు శుభ్రం చేసేవాడు, లేత్ మీద పనిచేసేవాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఉద్యోగి, కథ ఆగిపోయిన పిల్లల బొమ్మల కథకుడు. వీళ్లే ఆ పుస్తకాల జనాభా. 1960ల జపాన్ అంటే మనకు బుల్లెట్ రైలు, 1964 టోక్యో ఒలింపిక్స్ గుర్తొస్తాయి. ఆ రైలు పట్టాలు వేసినవాళ్లూ, ఆ నగరపు మురుగు మోసినవాళ్లూ ఈ పుస్తకాల్లో ఉన్నారు.

మనుషులు అన్నప్పుడు ఒక లోపం కూడా చెప్పి తీరాలి. తత్సుమి కథల్లో మగవాడి మౌనానికి దొరికినంత దయ ఆడదాని మాటకు దొరకదు. భార్య డబ్బు అడిగేది, మోసం చేసేది, ఎగతాళి చేసేది. కొన్ని కథల్లో ఆమె కేవలం మగవాడి కోపానికి కారణంగా మాత్రమే నిలబడుతుంది. ‘గుడ్‌బై’ కథలోని మరికో దీనికి మినహాయింపు. యుద్ధం ఓడిన దేశంలో అమెరికన్ సైనికులతో పోయి బతికే ఆ పిల్ల దగ్గరకు, డబ్బు కోసం తండ్రి వస్తూ ఉంటాడు. ఆమె అవమానం ఆమెదిగానే కనిపిస్తుంది. అలాంటివి ఇంకో పది గీసి ఉండాల్సింది.

ఈ లోటును తీర్చే జపాన్ పనితనం ఒకటి బొగ్గుగనుల నుంచే వచ్చింది. యమమోతో సాకుబే 1892లో చికుహో బొగ్గు ప్రాంతంలో పుట్టి, చిన్నప్పటి నుంచీ గనిలోనే బతికి, అరవై దాటాక మనవలకు పాత గనుల సంగతి తెలియాలని బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. బొమ్మ పక్కనే ఖాళీలో వివరం రాసేవారు. మొగుడు పడుకుని బొగ్గు తవ్వుతుంటే, పెళ్లాం వంగి పాకుతూ ఆ బొగ్గును లాగుకుపోయే దృశ్యం ఆయన పదేపదే గీశారు. ఇద్దరి ఒంటి మీదా ఒకే చెమట. 2011లో యునెస్కో ఆ బొమ్మలను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. జపాన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటివి అవే. ఆయన గెకిగా గీతకారుడు కాడు. అయినా తత్సుమి పక్కన పెట్టి చదవవలసినవాడు.

పచ్చి మనసుకు

పచ్చి అంటే బూతు అనుకుని చదివేవాళ్లు నిరాశపడతారు. ఈ కథల్లో శరీరం ఉంది, రక్తం ఉంది, చెప్పుకోలేని పనులున్నాయి. కానీ పచ్చిదనం అక్కడ లేదు. మనిషి తనకు తాను కూడా ఒప్పుకోని భావాన్ని పట్టుకోవడంలో ఉంది. ‘పిరానా’ కథలో ఫ్యాక్టరీ కార్మికుడు బీమా డబ్బు కోసం తన చేతిని తానే యంత్రానికి ఇస్తాడు. డబ్బు భార్యకు ఇస్తాడు. తరువాత పిరానా చేపలు పెంచుతాడు. చివరకు అతని కోపం ఎక్కడ తీరుతుందో పాఠకుడు ఊహించగలడు. చెయ్యి ఇచ్చింది ప్రేమతోనా, కసితోనా? ఆ రెండూ ఒకే గుండెలో ఉండటమే ఇక్కడి పచ్చిదనం.

‘నరకం’ అనే కథ వీటన్నిటికీ పైమెట్టు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డాక, ఆ వేడికి రాళ్ల మీద మనుషుల నీడలు పడిపోయిన మాట నిజం. బ్యాంకు మెట్ల మీద అలా మిగిలిన నీడ ఒకటి ఇప్పటికీ హిరోషిమా శాంతి మ్యూజియంలో ఉంది. తత్సుమి కథలో ఒక ఫొటోగ్రాఫర్ శిథిలాల మధ్య గోడ మీద నీడ చూస్తాడు. కూర్చున్న తల్లి, వెనుక నిలబడి ఆమె భుజాలు పిసుకుతున్న కొడుకు. ఫొటో తీస్తాడు. ఏళ్ల తరువాత ఆ ఫొటో అచ్చవుతుంది, ప్రపంచమంతా కన్నీళ్లు పెట్టుకుంటుంది. తల్లీకొడుకుల ప్రేమకు, శాంతికి గుర్తుగా విగ్రహం కూడా లేస్తుంది. ఆ తరువాత నిజం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆ నీడ సేవ చేస్తున్న కొడుకుది కాదు. బాంబు పడిన క్షణాన ఆ తల్లి మెడ మీద ఉన్నవి ఆమెను చంపుతున్న చేతులు.

ఈ కథ చదివి, దేశం దుఃఖాన్ని అవమానించాడని తత్సుమి మీద కోపం తెచ్చుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో గొప్ప గౌరవం కనిపించింది. బాంబు కింద చనిపోయినవాళ్లు దేవతలు కానక్కర్లేదు, మామూలు మనుషులైతే చాలు, ఆ చావు ఘోరమే అంటున్నాడాయన. దుఃఖించడానికి మనకు మంచి బొమ్మ కావాలి. ఆయన ఆ మంచి బొమ్మను మన చేతిలోంచి లాగేసుకుని, ఇప్పుడు దుఃఖించు చూద్దాం అంటాడు.

గీసిన

నల్లటి సిరా, మురికి గీత. టోక్యో వానను, చెత్తకుప్పను, సందులో కరెంటు తీగల చిక్కును వదలకుండా గీస్తారు. మనిషి సాదాగా ఉంటాడు, చుట్టూ నగరం మాత్రం నిండుగా, బరువుగా ఉంటుంది. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఇంగ్లీషు ప్రతుల్లో ఎడమ నుంచి కుడికి మార్చారు కాబట్టి మనకు ఇబ్బంది ఉండదు.

బొమ్మలు

బొమ్మలు చూపిస్తూ పెద్దల కథ చెప్పడం ఈ అడవి అంచుకు పరాయి విద్య కాదు. కోయల పడిగె చూసినవాళ్లకు ఈ మాట తెలుసు. గుడ్డ మీద వంశకథ బొమ్మలుగా ఉంటుంది. కథ పాడే డోలీలు దాన్ని నిలబెట్టి, వాద్యం మోగిస్తూ, ఆ వీరుల పుట్టుకలు, పోరాటాలు, చావులు పాడతారు. వినేది పిల్లలు కాదు, కులం పెద్దలు, ఇంటి ఆడపడుచులు, జాతరకొచ్చిన జనం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడి వినిపించారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఓడిపోయినవాళ్ల దుఃఖాన్ని దాచకుండా, తీపి పూయకుండా చెప్పే కథన పద్ధతి మన మండలంలోనే ఇన్ని తరాలుగా నడిచింది. దాని పక్కనే 1889 నుంచి సింగరేణి బొగ్గు కథ నడుస్తోంది. ఈ రెండిటి మధ్య పుట్టాల్సిన బొమ్మల కథ ఇంకా పుట్టలేదు.

అందుకే ఆదివారం సంచికలు నడిపే సంపాదకులకు ఈ వ్యాఖ్యాత విన్నపం ఒకటుంది. నెలకు ఒక్కసారి ఎనిమిది పేజీలు బొమ్మల కథకు ఇవ్వండి. హాస్యం కావాలని అడగకండి, నీతి కావాలని అడగకండి. మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం కాలేజీల్లో బొమ్మలు వేసే పిల్లలున్నారు. వాళ్ల నాన్న నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా అన్నం తినడం వాళ్లు చూస్తూనే ఉన్నారు. ఆ పొద్దును గీయమని అడగండి, అచ్చు వేసి డబ్బులివ్వండి.